హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు

హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టు ఇరవయ్యవ శతాబ్దపు మధ్యకాలంలో భారతదేశంలో మిక్కిలి పేరుగాంచిన ఫుట్‌బాల్ జట్లలో ఒకటి. హైదరాబాద్ నగర పోలీసు శాఖకు చెందిన ఈ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు బొంబాయిలోని రోవర్స్ కప్పును గెలుచుకున్నది. ఆ పోటీల చరిత్రలో మరే జట్టూ ఈ ఘనతను అందుకోలేదు. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పడిన తరువాత ఈ జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టుగా వ్యవహరింపబడినది. ఈ జట్టుకు 1950 నుండి 1963 వరకు శిక్షకుడుగా ఉన్న సయ్యద్ అబ్దుల్ రహీం ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి, వృత్తిరీత్యా పాఠశాల ఉపాధ్యాయుడు. 1951, 1962 సంవత్సరాలలో ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు సాధించిన భారత జట్లకు కూడా ఆయనే శిక్షకుడు.

నేపథ్యం

భారతదేశానికి ఫుట్‌బాల్ ఆటను తెచ్చినవారు ఆంగ్లేయ సైనికులు. సిమ్లాలో 1888లో డ్యూరాండ్ కప్పు, బొంబాయిలో 1891లో రోవర్స్ కప్పు, కలకత్తాలో 1893లో ఐ.ఎఫ్.ఎ. షీల్డు మొదలైనవి. తొలి సంవత్సరాలలో ఈ బహుమతులన్నీ ఆంగ్లేయ సైనిక దళాలకే దక్కేవి. 1911 జులై 29న కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టు ఈస్ట్ యార్క్‌షైర్ దళాన్ని 2-1 తేడాతో ఓడించి ఐ.ఎఫ్.ఎ. షీల్డును గెలుచుకోవడంతో ఈ పరిస్థితి మారడం మొదలైనది. ఆనాటి మోహన్ బగాన్ ఆటగాళ్లలో అధికులు బూట్లు లేకుండానే ఆడారు. రోవర్స్ కప్పును గెలిచిన మొదటి భారతీయ జట్టు బెంగుళూరు ముస్లిమ్స్ (1937). డ్యూరాండ్ కప్పును గెలిచిన మొదటి భారతీయ జట్టు మహమ్మడన్ స్పోర్టింగ్ (1940).

హైదరాబాద్ సంస్థానానికి ఈ ఆట సికింద్రాబాద్ కంటోన్మెంటు ద్వారా వచ్చినది. 1806లో ఏర్పడిన ఈ సైనిక స్థావరం తిరుమలగిరి, బొల్లారం వరకు విస్తరించి ఉండేది. సైనికుల ఆటను చూసి చుట్టుపక్కల బస్తీల పిల్లలు నేర్చుకున్నారు. క్రమంగా పాతబస్తీలోను, అరబ్బు సంతతివారు నివసించే బార్కస్ ప్రాంతంలోను ఫుట్‌బాల్ జనాదరణ పొందినది. నిజాం కళాశాల (1887), ఉస్మానియా విశ్వవిద్యాలయం (1918) వంటి విద్యాసంస్థల విద్యార్థులు కూడా ఈ ఆటను ఆడేవారు.

ఉస్మానియా విద్యార్థుల జట్టు

సిటీ పోలీస్ జట్టు చరిత్రను తెలుసుకోవాలంటే ముందుగా ఒక కళాశాల జట్టును గురించి తెలుసుకోవాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయపు అప్పటి విద్యార్థులు, పూర్వ విద్యార్థులు కలిసి 'ఎలెవన్ హంటర్స్' అనే పేరుతో ఆడేవారు. 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం ఈ జట్టులోనే ఆటగాడుగా గుర్తింపు పొందాడు. తరువాత ఆయన స్థానిక లీగులో బలమైన జట్టుగా పేరున్న కమర్ క్లబ్బుకు ఆడాడు.

పట్టభద్రుడైన పిమ్మట రహీం ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించాడు. కాచిగూడ మాధ్యమిక పాఠశాల, ఉర్దూ షరీఫ్ పాఠశాల, దారుల్ ఉలూమ్ ఉన్నత పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో ఆయన పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది పాఠశాలలలో క్రీడల బాధ్యతను కూడా నిర్వహించాడు. అందుచేత తరువాతి కాలంలో దేశమంతటా ఆటగాళ్లు ఆయనను 'రహీం సాబ్' అని గౌరవంగా పిలిచినప్పటికీ, ఆయన శిక్షణలో మొదటి నుండి చివరి వరకు బడిపంతులు తీరే కనిపిస్తుంది.

జట్టు తొలి రోజులు

హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం 1939లో ఏర్పడినది. 1940వ దశకం మొదట్లో రహీం ఆ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. సంఘం లీగు పోటీలను క్రమబద్ధంగా నిర్వహించడం వలన నగరంలోని చిన్న క్లబ్బుల ఆటగాళ్లకు ఏటా ఆడే అవకాశం లభించినది.

ఆ కాలంలోనే నగర పోలీసు శాఖ మంచి ఆటగాళ్లను ఉద్యోగాలలోకి తీసుకోనారంభించినది. అప్పటికి దేశంలో జీతమిచ్చి ఆటగాళ్లను పోషించే వృత్తి ఫుట్‌బాల్ లేదు. బీద కుటుంబానికి చెందిన యువకుడు ఆటనే నమ్ముకుని బ్రతకడం సాధ్యమయ్యేది కాదు. పోలీసు ఉద్యోగం అతనికి నెలజీతాన్ని, మైదానాన్ని, ఒకే జట్టుతో ఏళ్ల తరబడి కలిసి ఆడే వీలును కల్పించినది. జట్టును ప్రోత్సహించిన పోలీసు అధికారులలో శివకుమార్ లాల్ ముఖ్యుడు. 1940వ దశకంలో నార్బర్ట్ ఆండ్రూ ఫ్రూవాల్ జట్టును తీర్చిదిద్దాడు.

1943లో బెంగుళూరులో జరిగిన యాష్ గోల్డ్ కప్పు పోటీలలో సిటీ పోలీస్ జట్టు రాయల్ ఎయిర్ ఫోర్స్ జట్టును ఓడించినది. ఇంగ్లండు క్రికెట్ ఆటగాడుగా ప్రసిద్ధుడైన డెనిస్ కాంప్టన్ ఆ సైనిక జట్టులో ఉన్నాడు. కాంప్టన్ లండనులోని ఆర్సెనల్ క్లబ్బుకు ఫుట్‌బాల్ కూడా ఆడినవాడు. దక్షిణ భారతదేశంలో హైదరాబాద్ జట్టు పేరు మారుమ్రోగడానికి ఈ విజయం తోడ్పడినది.

1950వ సంవత్సరపు ఆటలు

1948 సెప్టెంబరులో హైదరాబాద్ సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైనది. అటుపై 1949 చివరి వరకు సంస్థానంలో సైనిక పాలన సాగినది. 1950 జనవరి 26న పౌర ప్రభుత్వం ఏర్పడినది. అదే సంవత్సరం సిటీ పోలీస్ జట్టుకు రహీం శిక్షకుడయ్యాడు. అల్లర్లు, అనుమానాలు ఇంకా పూర్తిగా సద్దుమణగని రోజులలో హిందూ, ముస్లిం, క్రైస్తవ కుటుంబాల నుండి వచ్చిన ఆటగాళ్లు ఒకే జట్టుగా బొంబాయికి, ఢిల్లీకి బయలుదేరడం గమనించదగిన విషయం. నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, మొయినుద్దీన్, జమాల్, లాయక్, ఆంథోనీ పాట్రిక్, సుసై మొదలైనవారు ఆ కాలపు ప్రముఖ ఆటగాళ్లు.

ఆ ఏడాది జట్టు బొంబాయిలో మొదటిసారి రోవర్స్ కప్పును గెలుచుకున్నది. డ్యూరాండ్ పోటీలు 1940 తరువాత నిలిచిపోయి, స్వాతంత్ర్యానంతరం మొదటిసారిగా 1950లో ఢిల్లీలో జరిగాయి. వాటి ఫైనలులో సిటీ పోలీస్ జట్టు కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించినది. స్వతంత్ర భారతదేశంలో డ్యూరాండ్ కప్పును అందుకున్న మొదటి జట్టు ఇదే. ఒకే సంవత్సరంలో ఈ రెండు ప్రధాన బహుమతులు దక్కడంతో, అంతవరకు కలకత్తా నగరానికే పరిమితమని భావించిన ఫుట్‌బాల్ ప్రాభవంలో హైదరాబాదుకు కూడా వాటా లభించినది.

వరుస విజయాలు

1950లో మొదలైన రోవర్స్ కప్పు విజయయాత్ర 1951, 1952, 1953, 1954 సంవత్సరాలలోనూ కొనసాగినది. 1955లో మోహన్ బగాన్ ఆ కప్పును గెలుచుకోవడంతో ఈ వరుసకు తెరపడినది. డ్యూరాండ్ కప్పులో 1952లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఫైనలులో ఓడిన సిటీ పోలీస్ జట్టు 1954లో హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ జట్టుపై గెలిచినది. 1956 ఫైనలులో మరల ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడి, మరుసటి ఏడాదే అదే జట్టును ఫైనలులో ఓడించి ప్రతీకారం తీర్చుకున్నది.

హైదరాబాద్ రాష్ట్ర జట్టు కూడా ఇదే కాలంలో బలపడినది. రాష్ట్రాల జట్ల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956-57, 1957-58 పోటీలలో వరుసగా రెండుసార్లు గెలుచుకున్నది. రాష్ట్ర జట్టులో పోలీసు ఆటగాళ్లే ప్రధాన బలం.

రహీం శిక్షణ పద్ధతి

ఆనాడు భారతదేశంలో ఫుట్‌బాల్ ఆట ఎక్కువగా వ్యక్తిగత నైపుణ్యంపై ఆధారపడి ఉండేది. బంతి దొరికిన ఆటగాడు దానిని కాళ్ల మధ్య ఆడించుకుంటూ ఎదుటివారిని దాటుకొని పోయేవాడు. దీనినే డ్రిబ్లింగ్ అంటారు. చూపరులకు ఇది కన్నులపండువుగా ఉన్నా, బంతి ఒకరివద్దనే ఎక్కువసేపు ఉండడం వలన ఎదుటి జట్టుకు సర్దుకునే వ్యవధి దొరికేది. రహీం దీనికి భిన్నంగా, బంతిని వెంటనే తోటి ఆటగాడికి అందించి తాను ఖాళీ స్థలంలోకి పరుగెత్తే పద్ధతిని అలవాటు చేశాడు.

ఈ అలవాటును ఆయన ఉపన్యాసాలతో కాక పోటీల నియమాలతోనే నేర్పాడు. ఆయన హైదరాబాదులో నిర్వహించిన ప్రత్యేక పోటీలలో ముఖ్యమైనవి ఇవి:

* డ్రిబ్లింగ్ లేని పోటీలు: ఇందులో ఆటగాడు బంతిని తనవద్ద ఉంచుకోరాదు. బంతి రాకముందే దానిని ఎవరికి పంపాలో నిర్ణయించుకోవలసి ఉంటుంది.
* బలహీనమైన కాలి పోటీలు: కుడికాలి వాటం ఉన్నవారు ఎడమకాలితోను, ఎడమకాలి వాటం ఉన్నవారు కుడికాలితోను మాత్రమే బంతిని తన్నాలి.

బడిలో కుడిచేతి వాటం పిల్లవాడిని ఎడమచేత వ్రాయమంటే ఎంత కష్టమో ఈ పోటీలు ఆటగాళ్లకు అంత కష్టంగా ఉండేవి. కాని కొంతకాలానికి రెండు కాళ్లతోనూ సమానంగా ఆడగల ఆటగాళ్లు తయారయ్యారు. ఒక ఆటగాడికి ఏ వైపు నుండి బంతి వచ్చినా ఆపి తిప్పుకోనవసరం లేకుండా నేరుగా పంపగలిగితే, జట్టు మొత్తం ఆట వేగం పెరుగుతుంది. సిటీ పోలీస్ జట్టు బలం ఇందులోనే ఉన్నది.

జట్టు కూర్పులో కూడా రహీం మార్పులు చేశాడు. అప్పట్లో ఇద్దరు ఫుల్‌బ్యాకులు, ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులతో ఆడే పాత పద్ధతి మన దేశంలో విస్తృతంగా ఉండేది. 1950వ దశకంలో హంగేరీ జట్టు తన సెంటర్ ఫార్వర్డును కొంత వెనుకకు జరిపి ఆడించి ప్రపంచాన్ని ఆశ్చర్యపరచినది. ముందుకు రాని సెంటర్ ఫార్వర్డును వెంబడించాలో, తమ స్థానంలోనే నిలవాలో ఎదుటి రక్షకులకు తోచేది కాదు. రహీం ఈ పద్ధతిని భారత ఆటగాళ్లకు నేర్పాడు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ద్వారా ప్రసిద్ధమైన 4-2-4 కూర్పును ఆయన అంతకుముందే భారత జట్టులో ప్రయత్నించాడు.

హెల్సింకి పరాజయం, బూట్ల ప్రశ్న

1951 మార్చిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో రహీం శిక్షణలోని భారత జట్టు ఫైనలులో ఇరానును 1-0 తేడాతో ఓడించి స్వర్ణ పతకం సాధించినది. గోలు చేసినవాడు సాహు మేవాలాల్. అయితే 1952లో హెల్సింకి ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరంగా ఓడిపోయినది. భారత ఆటగాళ్లలో పలువురు అప్పటికీ బూట్లు లేకుండానే ఆడేవారు. చలి వాతావరణంలో, తడిసిన మైదానంపై వారు నిలదొక్కుకోలేకపోయారు. ఈ ఓటమి తరువాత అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు ధరించడాన్ని తప్పనిసరి చేసినది.

1911లో ఒట్టి కాళ్లతో గెలిచిన విజయం జాతికి గర్వకారణమైనది. నలభై ఏళ్ల తరువాత అదే ఒట్టి కాళ్ల ఆట అంతర్జాతీయ పోటీలలో అవరోధంగా మారినది. రహీం ఈ పాఠాన్ని గ్రహించి శరీర దారుఢ్యానికి, వేగానికి, జట్టు కూర్పుకు మరింత ప్రాముఖ్యం ఇచ్చాడు.

భారత జట్టులో హైదరాబాద్ ఆటగాళ్లు

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలకు వెళ్లిన భారత జట్టులో హైదరాబాద్ ఆటగాళ్ల సంఖ్య గణనీయంగా ఉన్నది. అజీజుద్దీన్, లతీఫ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుసేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ వారిలో కొందరు. డిసెంబరు 1న భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2 తేడాతో ఓడించినది. ఇందులో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనలు చేరిన మొదటి ఆసియా జట్టు ఇదే. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు చేసినప్పటికీ చివరకు 4-1 తేడాతో ఓడి, కాంస్య పతక పోటీలో బల్గేరియా చేతిలో 3-0 తేడాతో ఓడి నాలుగవ స్థానంతో సరిపెట్టుకున్నది.

వీరిలో బలరాం జీవితం హైదరాబాద్ ఫుట్‌బాల్ వ్యవస్థకు మంచి ఉదాహరణ. సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో బీద తమిళ కుటుంబంలో పుట్టిన బలరాంను రహీం గుర్తించి శిక్షణ ఇచ్చాడు. ఆయన తరువాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్‌కు ఆడి 1962లో అర్జున పురస్కారం పొందాడు. 2023 ఫిబ్రవరి 16న మరణించాడు.

1962లో జకార్తాలో జరిగిన ఆసియా క్రీడల నాటికి రహీం క్యాన్సర్ వ్యాధితో బాధపడుతున్నాడు. భారత జట్టు మొదటి పోటీలో దక్షిణ కొరియా చేతిలో 2-0 తేడాతో ఓడినది. అటుపై థాయిలాండ్, జపాన్, దక్షిణ వియత్నాం జట్లను ఓడించి ఫైనలు చేరినది. సెప్టెంబరు 4న జరిగిన ఫైనలు నాటికి జట్టు పరిస్థితి అంతంతమాత్రంగా ఉన్నది. జ్వరం నుండి కోలుకున్న తంగరాజ్ గోల్‌కీపరుగా నిలిచాడు. తలకు గాయమైన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను రహీం సెంటర్ ఫార్వర్డుగా ఆడించాడు. రాజకీయ కారణాల వలన స్టేడియంలోని ప్రేక్షకులు భారత జట్టుకు వ్యతిరేకంగా కేకలు వేశారు. పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చేసిన గోల్స్‌తో భారతదేశం దక్షిణ కొరియాను 2-1 తేడాతో ఓడించి స్వర్ణ పతకం గెలుచుకున్నది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి ఇదే చివరి స్వర్ణం. హైదరాబాద్ పోలీసు జట్టుకు చెందిన యూసుఫ్ ఖాన్ ఆ జట్టులో సభ్యుడు. ఆయనకు 1966లో అర్జున పురస్కారం లభించినది.

క్షీణ దశ

1963 జూన్ 11న రహీం మరణించాడు. ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు ఆ సంవత్సరం కూడా రోవర్స్ కప్పును గెలుచుకుని, డ్యూరాండ్ కప్పు ఫైనలు వరకు వెళ్లినది. ఆంధ్రప్రదేశ్ జట్టు 1965-66లో సంతోష్ ట్రోఫీని గెలుచుకున్నది. ఆ తరువాత క్రమంగా ప్రాభవం తగ్గినది.

ఇందుకు ముఖ్య కారణాలుగా చెప్పదగినవి:

* కలకత్తా క్లబ్బుల ఆకర్షణ: అక్కడ డబ్బు, పేరు, వేలాది ప్రేక్షకుల ఆదరణ లభించేవి. సయ్యద్ నయీముద్దీన్, మహమ్మద్ హబీబ్ వంటి ప్రతిభావంతులు యౌవనంలోనే కలకత్తాకు తరలివెళ్లారు.
* స్థానిక పోటీల లోపం: రహీం కాలంలో ఏడాది పొడుగునా సాగిన లీగు, ప్రత్యేక పోటీలు ఆయన తరువాత అదే పట్టుదలతో సాగలేదు.
* ఇతర క్రీడల వైపు యువత ఆసక్తి మళ్లడం, నగరంలో ఆట స్థలాలు తగ్గిపోవడం.

ఆటగాళ్ల ప్రతిభ మాత్రం వెంటనే తరిగిపోలేదు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం గెలిచిన భారత జట్టుకు నయీముద్దీన్ నాయకుడు. హబీబ్, ఆయన తమ్ముడు అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ తరువాతి దశకాలలో దేశమంతటా పేరు పొందారు. అయితే వారి కీర్తి ఎక్కువగా కలకత్తా క్లబ్బుల పేరిట నమోదైనది. ఆటగాళ్లు హైదరాబాదులోనే పుట్టి పెరిగినా, వారిని నిలబెట్టుకునే జట్టు నగరంలో మిగలలేదు.

సాధించిన ప్రధాన విజయాలు

* రోవర్స్ కప్పు (9 సార్లు): 1950, 1951, 1952, 1953, 1954, 1957, 1960, 1962 (ఈస్ట్ బెంగాల్‌తో కలిసి ఉమ్మడి విజేత), 1963
* డ్యూరాండ్ కప్పు విజేత: 1950, 1954, 1957, 1961
* డ్యూరాండ్ కప్పు రన్నరప్: 1952, 1956, 1963

1961 డ్యూరాండ్ ఫైనలులో ఆంధ్రప్రదేశ్ పోలీస్ జట్టు మోహన్ బగాన్‌ను ఓడించినది.

ప్రాముఖ్యం

ఈ జట్టు విజయాల వెనుక ధనబలం లేదు. పాఠశాల, కళాశాల మైదానాలలో ఆట నేర్చుకున్న యువకులు, వారికి జీవనోపాధి కల్పించిన ఒక ప్రభుత్వ శాఖ, క్రమం తప్పని స్థానిక పోటీలు, అన్నింటినీ ఒక్కత్రాటిపై నడిపిన ఒక ఉపాధ్యాయుడు కలిసి దీనిని నిర్మించారు. ఈ నాలుగింటిలో ఒక్కొక్కటిగా తొలగిపోయిన కొద్దీ జట్టు కూడా బలహీనపడినది. ఒక నగరంలో క్రీడ ఎలా వర్ధిల్లుతుందో, ఎలా క్షీణిస్తుందో అధ్యయనం చేసేవారికి ఈ చరిత్ర ఉపయోగపడుతుంది.

రహీం జీవితం ఆధారంగా నిర్మించిన హిందీ చలనచిత్రం 'మైదాన్' 2024లో విడుదలైనది. ఇందులో రహీం పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు. 2022 మార్చి 20న హైదరాబాద్ ఎఫ్.సి. జట్టు గోవాలో జరిగిన ఫైనలులో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగు విజేతగా నిలిచినప్పుడు, నగరపు పాత ఫుట్‌బాల్ వైభవం మరొకసారి చర్చకు వచ్చినది.

ఇవి కూడా చూడండి

* సయ్యద్ అబ్దుల్ రహీం
* తులసీదాస్ బలరాం
* రోవర్స్ కప్పు
* డ్యూరాండ్ కప్పు
* సంతోష్ ట్రోఫీ
* ఉస్మానియా విశ్వవిద్యాలయం